మొదట దిగేవాడు

పిట్టగోడ మీద ఆరేసిన బొంతలను ఒక్కొక్కటీ కర్రతో దులుపుతున్నాను. మొత్తం పద్నాలుగు. ముందురోజు ఖాళీ చేసి వెళ్ళిన రియాద్ కుటుంబాలు కప్పుకున్నవి. ఆగస్టులో రియాద్‌లో గోడలు కూడా కాలుతాయట. ఈ కొండమీది ఊళ్ళో మాత్రం తెల్లవారుజామున బొంత లేనిదే కాళ్ళు చాపలేం. రాళ్ళు, ముళ్ళచెట్లు, దుమ్ము తప్ప ఏమీ లేని ఊరికి వేసవి అంతా జనం వచ్చేది ఆ చలి కోసమే.

దూది ఒక మూలకు జారి గడ్డకట్టిన బొంతలను పక్కన పెడుతున్నాను. తర్వాత కుట్లు విప్పి, వేళ్ళతో దూది విడదీసి, మళ్ళీ సర్ది కుట్టాలి. మాది దూదేకుల ఇల్లు. మా నాయన దూది ఏకే విల్లు భుజాన వేసుకుని రాయచోటి చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగినవాడు. మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, మా కఫీల్‌కు అదంతా తెలియదు. తన గదుల్లో బొంతలు పక్కవాళ్ళ గదుల్లో కన్నా వెచ్చగా ఉంటాయని అతిథులు చెప్పుకుంటారని మాత్రం తెలుసు.

"హాజర్! ఆ బొంతలేం పాపం చేశాయి, అట్లా కొడుతున్నావు? దిగిరా, బండి కదులుతోంది!"

కింద నుంచి తఖియ్య కేక. నా పేరు హాజిరా అయినా ఆమె నోట్లో హాజర్ అయింది.

తఖియ్య, ఆమె భర్త ఖాసిం యెమెన్ మనుషులు. ఖాసిం తండ్రి కాలంలోనే పని కోసం ఈ కొండల మీదికి వచ్చిన కుటుంబం. వాళ్ళ గదికి, మా గదికి మధ్య ఒకటే గోడ. బయట ఒకటే పొయ్యి. వచ్చినవాళ్ళకు ఊరి చుట్టుపక్కల వింతలు చూపించడం ఖాసిం పని. బండి నడపడం మా బావ మస్తాన్ వలీ పని. బావ అంటే నా మొగుడే, మా మేనమామ కొడుకు. కఫీల్ అబూ సాద్ దగ్గరికి మేం జంటగా పనికి వచ్చి అప్పటికి రెండేళ్ళు. ఆడవాళ్ళున్న కుటుంబాలు వస్తే కఫీల్ నన్ను కూడా బండిలో పంపేవాడు. వెనక సీట్లో ఫ్లాస్కులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. ఆడవాళ్ళకు టీ పోయాలి. పిల్లలు లోయ అంచుకు పోకుండా చూడాలి. నోరు విప్పే అవసరం లేని పని. నాకు అది బాగుండేది.

బండి మొదట కోతుల మలుపు దగ్గర ఆగేది. అక్కడ రోడ్డు పక్క గోడ మీద పెద్ద పెద్ద కోతులు, మెడ చుట్టూ జూలుతో, పెళ్ళిపెద్దల్లా వరసగా కూర్చుని ఉండేవి.

"రియాద్ వాళ్ళు కోతులను చూడటానికి ఇంత దూరం వస్తారు," అనేవాడు ఖాసిం. "కోతులు రియాద్ వాళ్ళను చూడటానికి కొండ దిగి వస్తాయి. ఎవరూ ఎవరికీ టికెట్ పెట్టరు."

తర్వాత రాతి బురుజు. వానకు మట్టిగోడ కరగకుండా అడుగడుక్కీ పలకరాళ్ళు బయటికి పొడుచుకొచ్చేలా కట్టిన పాత ఇల్లు. ఆడవాళ్ళను నాతో లోపలికి పంపి తను గుమ్మం బయటే నిలబడేవాడు ఖాసిం. "లోపలి రంగులు ఈ ఇంటి ఆడవాళ్ళు వేసినవి. బయటి రాళ్ళు మగవాళ్ళు పేర్చినవి. ఎవరి పని బాగుందో చూసి వచ్చి చెప్పండి. నిజం చెప్పండి, నేను ఈ ఇంటివాణ్ణి కాదు."

చివరగా తాళ్ళ ఊరు. ఆ పేరు మేం పెట్టుకున్నదే. కొండ అక్కడ కత్తితో కోసినట్టు తెగిపోతుంది. కింద, లోయకు సగం ఎత్తులో, ఒక అరుగులాంటి చోట ఖాళీ రాతి ఇళ్ళు కనిపిస్తాయి. అక్కడ ఖాసిం గొంతు మారేది.

"నా తండ్రి తాళ్ళు పేనేవాడు," అని మొదలుపెట్టేవాడు. "ఆ ఊరికి దారి లేదు, మెట్లు లేవు. పెళ్ళికూతురైనా, మేకపిల్లైనా, ఉప్పు మూటైనా తాడు మీదే దిగాలి. కొత్త తాడు కడితే మొదట దిగేది దాన్ని పేనినవాడే. అది ఇక్కడి కట్టు. నా తండ్రి నలభై తాళ్ళు పేనాడు. నలభై సార్లు మొదట దిగాడు. నలభై ఒకటో తాడు వేరేవాళ్ళు పేనారు."

అంతే. ఒక రాయి తీసి లోయలోకి విసిరేవాడు. కింద దాని చప్పుడు వినబడేదాకా అందరూ చెవులు రిక్కించేవాళ్ళు.

ఆ వేసవి మొదట్లో జనం ఎంతమంది వచ్చారంటే కఫీల్ రెండో బండి కూడా తిప్పాల్సి వచ్చింది. ఒకరోజు బావ అన్నం తింటూ అన్నాడు.

"ఏమే, ఆ ముసలాయన ఖాసిం చెప్పేదంతా రాసి పెట్టరాదా? రెండో బండిలో నన్నే చెప్పమంటాండాడు కఫీల్."

"అరబ్బీ మాటలు తెలుస్తాయి గానీ అక్షరాలు నాకు రావు కదా బావా."

"ఆ అరబ్బీ మాటల్నే మన అక్షరాల్లో రాయి. నువ్వు చదువుతాంటే నేను ఇని నేర్చుకుంటా. సినిమా పాటలు నేర్చుకోలేదా ఏంది?"

బావకు చదువు రాదు. అరబ్బీ కూడా బండి పనికి సరిపడా నాలుగు మాటలే. బడికి పోయే వయసులో లారీ మీద క్లీనరుగా పోయాడు. నేను మా ఊరి బళ్ళో ఏడు దాకా చదివాను. ఇంటికి ఉత్తరాలు రాయడానికి తెచ్చుకున్న అట్ట పుస్తకం ఒకటి నా దగ్గర ఉండేది.

బండిలో విన్నది మనసులో పెట్టుకుని, సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని రాసేదాన్ని. ఏదైనా మాట జారిపోతే తఖియ్యను అడిగేదాన్ని. ఆమె రొట్టె తిప్పుతూనే గోడవైపు తిరిగి మొగుణ్ణి కేకేసేది. ఖాసిం వచ్చి, కింద కూర్చుని, పసిపిల్లకు చెప్పినట్టు మెల్లగా మళ్ళీ చెప్పేవాడు. ఒకసారి పుస్తకం చేతిలోకి తీసుకుని తలకిందులుగా పట్టుకున్నాడు.

"ఇందులో నా తండ్రి ఎక్కడున్నాడు?"

వేలితో చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఇంత గుండ్రంగా ఉన్నాడేమిటి? సన్నటి మనిషి ఆయన!"

తఖియ్య నవ్వి నవ్వి రొట్టె మాడ్చింది.

బావ నేర్చుకోవడం మొదలుకాకముందే, ఆగస్టు మొదట్లో, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసింది. పది రోజుల్లో మా గదులన్నీ ఖాళీ అయ్యాయి. రియాద్ వాళ్ళు సామాను సర్దుకునేటప్పుడు పిల్లల చెప్పులు కూడా మరిచిపోయి వెళ్ళారు. ఒక్క కుటుంబం మాత్రం ఉండిపోయింది. వాళ్ళు కువైట్ వాళ్ళు. పది రోజులు సరదాగా గడపడానికి వచ్చినవాళ్ళకు తిరిగి పోవడానికి ఇల్లు లేదు. ఆ ఇంటి పెద్దాయన రోజంతా రేడియో చెవికి ఆనించుకుని మేడమెట్ల మీద పైకీ కిందికీ తిరిగేవాడు. సైనిక స్థావరం ఉన్న ఖమీస్ ముషైత్ వైపు నుంచి యుద్ధ విమానాలు మా ఊరి మీదుగా పోయేవి. అవి పోయిన తర్వాత కూడా కిటికీ అద్దాలు కాసేపు వణికేవి. విషవాయువు తగలకుండా ముసుగులు పంచుతారట అని ఒకరోజు, పంచరట అని ఒకరోజు. మార్కెట్లో బియ్యం దొరికితే చాలు, అవసరం లేకపోయినా ఒక మూట తెచ్చుకునేవాళ్ళు జనం. ఎవరికీ ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు.

మా పెద్ద బావ, మస్తాన్ బావ అన్న పీర్ సాహెబ్, కువైట్‌లో పనిచేసేవాడు. జోర్డాన్ ఎడారి మీదుగా ఒంటి మీద గుడ్డలతో ఇల్లు చేరాడని సెప్టెంబరులో ఉత్తరం వచ్చింది. ఇంటి దగ్గర పదకొండు మంది. ఇక సంపాదించేవాడు మా బావ ఒక్కడే.

ఆ నెలాఖరులోనే, యెమెన్ ఇరాక్‌ను తప్పు పట్టలేదని, ఇక్కడున్న యెమెన్ వాళ్ళ మీద కొత్త ఉత్తర్వు వచ్చింది. అంతవరకూ వాళ్ళకు కఫీల్ అక్కర్లేదు. ఇష్టమైన చోట ఉండి ఇష్టమైన పని చేసుకునేవాళ్ళు. ఇకపై మాలాగే కఫీల్ ఉండాలి, లేకపోతే దేశం వదిలి పోవాలి. నవంబరు నడిమి దాకా గడువు.

అబూ సాద్ ఖాసింను, బావను వాకిట్లోకి పిలిచాడు. నేను మెట్లు తుడుస్తున్నాను.

"ఖాసిం, ఇరవై ఏళ్ళుగా నాతో ఉన్నావు. నీకు కఫీల్‌గా ఉండనని అనను," అన్నాడు. "కానీ గదులు చూడు, అన్నీ ఖాళీ. నాకు ఒక్క మనిషి చాలు. బండి నడిపేవాడే కబుర్లు కూడా చెప్పాలి. నీకు బండి రాదు. మస్తాన్‌కు కబుర్లు రావు. నెల రోజులు టైమిస్తున్నా. ఎవరికి రెండూ వస్తే వాళ్ళు ఉంటారు. రెండోవాళ్ళకు నేనే టికెట్ కొంటాను."

న్యాయంగా మాట్లాడానన్న తృప్తితో ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

ఖాసిం బావ భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు. "నా నోరు నీకు ముందే ఇచ్చాను. ఇప్పుడు నీ చేతులు నాకివ్వు. రోజూ సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఒక గంట. మనిద్దరికీ రెండూ వస్తే, ఈ ముసలి కఫీల్ ఎవర్ని పంపిస్తాడో చూద్దాం."

"సరే," అన్నాడు బావ.

మర్నాడు ఖాసిం ఉతికిన తలగుడ్డ చుట్టుకుని బండి దగ్గరికి వచ్చాడు. క్లచ్ పట్టడం లేదు, రేపు చూద్దాం అన్నాడు బావ. ఆ మర్నాడు బ్యాటరీ. తర్వాత పెట్రోలు. తర్వాత మళ్ళీ క్లచ్. ఖాసిం మాత్రం రోజూ అదే వేళకు వచ్చి, బండి నీడలో గొంతుక్కూర్చుని, చీకటి పడేముందు లేచి పోయేవాడు. ఒక సాయంత్రం నేను మేడ మీద నుంచి చూశాను. బండికి తాళం వేయలేదేమో, డ్రైవర్ సీట్లో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తాళంచెవి లేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని, ఎదురుగా ఉన్న గోడను చూస్తున్నాడు.

ఆ పూట అన్నం పెడుతూ అడిగాను. "క్లచ్ బాగానే ఉంది కదా బావా?"

"నీకెప్పుడు తెల్సినాది క్లచ్ సంగతి?" అన్నాడు. గొంతు తగ్గించి తనే మళ్ళీ అన్నాడు, "ఆయప్ప నేర్చుకుంటే మనం బొంబాయి ఇమానం ఎక్కాల. అన్న సంగతి తెల్సు కదా, ఉత్త చేతుల్తో వచ్చినాడు. ఇంటికాడ అంతమంది. యాడికి పోదాం? నువ్వు చెప్పు. నువ్వెప్పుడూ ఏమీ చెప్పవు. సూస్తా కూర్చుంటావు, అంతే."

చేతులు కడుక్కుని పుస్తకం తీశాను.

ఆ నెలంతా రోజూ చదివి వినిపించాను. పక్క గదిలోకి వినబడకుండా మెల్లగా చదివేదాన్ని. ఒకసారి, "అర్థం కూడా చెప్పనా?" అని అడిగాను.

"అర్థం వాళ్ళకు తెలుస్తాదిలే. సప్పుడు తప్పకుంటే సాలు."

బావది మంచి జ్ఞాపకం. ఖాసిం ఎక్కడ ఆగుతాడో అక్కడ ఆగి, ఎక్కడ గొంతు దించుతాడో అక్కడ దించి, పాట పాడినట్టు అప్పజెప్పేవాడు. పాట పాడేవాడు అందులో 'నేను' ఎవరని ఆలోచించడు. నేను విన్నది విన్నట్టే రాశాను కాబట్టి, తాళ్ళ ఊరి దగ్గర మాట "నా తండ్రి" అనే ఉంది. దాన్ని "ఖాసిం తండ్రి" అని మారిస్తే సరిపోయేది. ఆ మాట ఎలా అనాలో నాకు తెలుసు. ప్రతిరోజూ ఆ చోటు రాగానే చెబుదామనుకునేదాన్ని. మరిచిపోయి చెప్పకపోవడం కాదు. అందరి ముందూ బావ అక్కడ దొరికిపోతాడు అనుకునేదాన్ని. దొరికితే ఏమవుతుంది, మేం ఎక్కడికి పోతాం అన్నదాకా మాత్రం ఆలోచనను పోనిచ్చేదాన్ని కాదు. తర్వాతి వాక్యం చదివేసేదాన్ని.

అక్టోబరు ఆఖర్న అబూ సాద్ కువైట్ వాళ్ళను షికారుకు రమ్మన్నాడు. ఆడవాళ్ళు, నేను బావ నడిపే బండిలో. కువైట్ పెద్దాయన, ఖాసిం కఫీల్ పికప్‌లో. బయలుదేరేముందు కఫీల్ గట్టిగా చెప్పాడు, "ఈ రోజు మస్తాన్ చెబుతాడు. ఖాసిం వింటాడు." ఖాసిం బండి నేర్చుకున్నాడా అని ఆయన అడగలేదు. రోజూ వాకిట్లోంచి చూస్తూనే ఉన్నాడు కదా.

మలుపు దగ్గర ఒక్క కోతి లేదు. విమానాలు మొదలైనప్పటి నుంచి అవి రావడం మానేశాయి. అయినా బావ గోడ వైపు చెయ్యి చూపించి ఖాసిం హాస్యం మొత్తం చెప్పాడు.

"కోతులు మనకన్నా తెలివైనవి," అన్నాడు కువైట్ పెద్దాయన. "ముందే ఖాళీ చేశాయి."

బురుజు దగ్గర కూడా బావ ఒక్క మాట తప్పలేదు. "మాషా అల్లా, మస్తాన్," అన్నాడు కఫీల్. ఖాసిం వెనక ఎక్కడో నడుస్తున్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని, మొదటిసారి ఆ ఊరు చూడటానికి వచ్చినవాడిలా అటూ ఇటూ చూస్తున్నాడు.

తాళ్ళ ఊరి దగ్గర గాలి ఎక్కువగా ఉంది. అందరూ అంచుకు కొంచెం ఇవతల నిలబడ్డారు. నేను బండి చాటున టీ పోస్తున్నాను.

"నా తండ్రి తాళ్ళు పేనేవాడు," అన్నాడు బావ.

కువైట్ పెద్దాయన వెనక్కి తిరిగాడు. "నీ తండ్రా? నువ్వు హిందీవి కదా, ఇండియా వాడివి?"

హిందీ అన్న మాట బావకు తెలిసింది, తప్పు ఎక్కడుందో అర్థం కాలేదు. నవ్వబోయి ఆగాడు. అందరినీ దాటుకుని అతని చూపు నన్ను వెతికింది. నా చేతిలో ఉన్న గ్లాసు ఎవరికివ్వాలో నాకు గుర్తు రాలేదు. కఫీల్ ముఖంలో నవ్వు మొదలవుతోంది.

"అవును. ఇతని తండ్రే," అన్నాడు ఖాసిం.

అందరూ అటు తిరిగారు.

"నాకు తెలుసు. చిన్నప్పుడు నేను కింద నిలబడి చూసేవాణ్ణి, ఆయన దిగుతుంటే," అంటూ ముందుకు వచ్చి బావ పక్కన నిలబడ్డాడు. "చెప్పు మస్తాన్. ఆపకు. పెళ్ళికూతురైనా, మేకపిల్లైనా."

బావ చెప్పాడు. మాట తప్పలేదు. నలభై ఒకటో తాడు దగ్గర ఆగాడు. ఖాసిం వంగి ఒక రాయి ఏరి, దుమ్ము తుడిచి, బావ చేతిలో పెట్టాడు. బావ విసిరాడు. అప్పుడే ఒక విమానం పోయింది. రాయి చప్పుడు మాకెవరికీ వినబడలేదు.

తిరిగి వచ్చాక బావ అన్నం ముందు కూర్చుని, ముద్ద కలపకుండా అడిగాడు. "ఆ మాటకు అర్థమేంది?"

చెప్పాను.

"నీకు ముందే తెల్సునా?"

"తెలుసు."

పళ్ళెం పక్కకు జరిపి బయటికి పోయాడు. ఖాసిం వాళ్ళ గుమ్మం దాకా నడిచి, చాలాసేపు నిలబడి, తలుపు తట్టకుండానే తిరిగి వచ్చాడు. ఆ తర్వాత ఎప్పుడూ నన్ను ఏదీ చదివి వినిపించమని అడగలేదు. ఇంటి నుంచి ఉత్తరం వచ్చినా దారిలో ఎవరితోనో చదివించుకుని, మడత పెట్టి తెచ్చి నాకిచ్చేవాడు.

యుద్ధం అయిపోయాక, మరుసటి వేసవికి జనం మళ్ళీ వచ్చారు. 'నా తండ్రి' అన్న మాట మార్చుకుంటానని బావ అంటే కఫీల్ ఒప్పుకోలేదు. తాడు మీద దిగినవాడి కొడుకు హిందీవాడట అని వినడానికే కొందరు వస్తున్నారని ఆయన సంబరం. ఇప్పటికి ఎన్ని వందలసార్లు చెప్పాడో. ఆ చోటు రాగానే బావ కళ్ళు మూసుకుంటాడు. కోతులు కూడా తిరిగి వచ్చాయి.

కానీ నాకు గుర్తుండేది నవంబరులో వాళ్ళు వెళ్ళిన రోజు.

పొద్దున్నే వాకిట్లో కిరాయి పికప్ నిలబడి ఉంది. పరుపులు, పెట్టెలు, కుట్టుమిషను, నూనె డబ్బాలు ఎక్కించి ఖాసిం తాళ్ళు కడుతున్నాడు. పైన రోడ్డు మీద అలాంటి బండ్లే ఒకదాని వెనక ఒకటి దక్షిణంగా పోతున్నాయి. బావ తెల్లవారకముందే పెట్రోలు అని చెప్పి ఖమీస్‌కు పోయాడు.

తఖియ్య మా గదిలోకి వచ్చింది. చెప్పులు బయట విడిచి, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. దారిలో కొండల మీద చలి ఉంటుందని నేను కుట్టిన కొత్త బొంత ఆమె ఒళ్ళో పెట్టాను. వారం రోజులు కూర్చుని, దూదిలో ఒక్క గడ్డ లేకుండా విడదీసి కుట్టిన బొంత. ఆమె దాని మీద చెయ్యి వేసింది. చూపు మాత్రం గూట్లో ఉన్న పుస్తకం మీద ఉంది.

"అందులోనే ఉన్నాడా మా మామ?"

తల ఊపాను.

"చదువు."

పుస్తకం తీసి చదివాను. ఈసారి గొంతు తగ్గించలేదు. నా తండ్రి తాళ్ళు పేనేవాడు. ఆ ఊరికి దారి లేదు, మెట్లు లేవు. ఖాసిం గొంతులో ఉన్నట్టే ఉంది ప్రతి మాటా. తఖియ్య కదలకుండా వింది. నలభై తాళ్ళ దగ్గర ఆమె పెదవులు కూడా నాతోపాటు కదిలాయి. నలభై ఒకటో తాడు వేరేవాళ్ళు పేనారు. అక్కడితో అయిపోయింది. పుస్తకం మూశాను.

బయట ఖాసిం డ్రైవర్ చేత ఒకసారి హారన్ కొట్టించాడు.

తఖియ్య లేచింది. ఒళ్ళో ఉన్న బొంతను మడత విప్పి మా మంచం మీద పరిచింది. నాలుగు మూలలూ లాగి సరిచేసింది, అతిథుల గదుల్లో మేమిద్దరం ఇటొకరూ అటొకరూ నిలబడి సర్దేవాళ్ళమే, అలాగే. మధ్యలో ఒక ముడత మిగిలితే అరచేత్తో దాన్ని కూడా దువ్వింది. తర్వాత గుమ్మం దాటి, చెప్పులు వేసుకుని, వెళ్ళిపోయింది.